ఒక గ్లాసు నీళ్లకు అరగంట



అమెరికాలో డిగ్రీ చదువుతున్న పిల్లలు డాక్టర్లు కావాలని కోరుకునే అమ్మానాన్నలు మీలో చాలామంది ఉన్నారు. "ఏ కోచింగ్‌లో చేర్పించమంటారు?" అని అందరూ అడుగుతున్నారు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనకు ముందుగా పరీక్షే గుర్తుకురావడం సహజం.

పరీక్ష అక్కడా ఉంది. మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో స్కోరు 472 నుంచి 528 దాకా. విరామాలతో కలిపి ఏడు గంటలు దాటుతుంది. కెమిస్ట్రీని కష్టపడి గట్టెక్కించే పిల్లలు కూడా చదివి విశ్లేషించే విభాగం దగ్గర తడబడతారు. సాహిత్యం, తత్వం, చరిత్ర లాంటి విషయాల మీద వ్యాసాలిచ్చి, 90 నిమిషాల్లో 53 ప్రశ్నలకు జవాబు రాయమంటారు. రెండు నెలల కోచింగ్‌తో అది పట్టుబడదు. మొదటి ఏడాది నుంచే చదివే అలవాటుండాలి. అందుకే మీ అమ్మాయి చరిత్ర మేజర్ తీసుకుంటానంటే అడ్డుచెప్పకండి. కావలసిన సైన్సు కోర్సులు ల్యాబులతో సహా పూర్తిచేస్తే చాలు.

అయితే పరీక్ష ఒక్కటే చాలదు. డాక్టర్ కావాలనుకుంటున్న మా అక్క కూతురు డిగ్రీ రెండో ఏడాదిలో నర్స్ ఎయిడ్ శిక్షణ తీసుకుని, శనివారాలు ఒక వృద్ధాశ్రమంలో పనికి కుదిరింది. అక్కడ పక్షవాతం వచ్చిన పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడకు నీళ్లు కూడా చిక్కబరిచి ఇవ్వాలి. పల్చగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక చెంచా పట్టడం, గొంతు కదిలేదాకా ఆగడం, తర్వాతే ఇంకో చెంచా. గ్లాసుడు నీళ్లకు అరగంట.

దరఖాస్తు వ్యాసానికి ఇచ్చేది 5,300 అక్షరాలే. మా పిల్ల "చిన్నప్పటినుంచీ సేవ చేయాలని..." అని మొదలుపెడితే నేనే కొట్టేయించాను. ఆ చెంచా గురించి రాయమన్నాను. అది రాయడానికి మూడు వారాలు పట్టింది, కానీ చదివితే మా పిల్ల కళ్లముందు నిలబడింది.

అయినా తొలిసారి ఒక్క ఇంటర్వ్యూకీ పిలుపు రాలేదు. దరఖాస్తు సెప్టెంబరులో పంపింది. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టే చూస్తూ సీట్లు నింపుకుంటూ పోతాయి కనుక జూన్‌లోనే పంపాలి. ఏటా సగానికి పైగా అభ్యర్థులకు సీటు రాదు. డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు ఆగి చేరేవాళ్లు కోకొల్లలు. దయచేసి దాన్ని "ఏడాది వృథా" అని పిల్లల ముందు అనకండి. మా అక్క అంది. ఆ మాటకు పిల్ల వారం రోజులు సరిగ్గా తినలేదు.

ఈసారి జూన్ మొదటి వారంలోనే పంపేసింది. శనివారాలు ఆ పెద్దావిడ దగ్గరికి ఇంకా వెళ్తూనే ఉంది.

ఉంటాను,
మీ పిన్ని