డోవర్‌కి ఏ దారి?

ఇంగ్లండులో రోడ్లు మూసేవాళ్లకీ నాకూ ముహూర్తాలు కలవవు. పగలైతే జనానికి ఇబ్బందని వాళ్లు రాత్రి తొమ్మిదికో పదికో మోటర్‌వే మూసి, తెల్లవారుజామున తెరుస్తారు. డోవర్ నుంచి ఫ్రాన్సులోని కాలేకి వెళ్లే ఫెర్రీ టిక్కెట్టేమో తరచూ ఆ అపరాత్రి వేళే చవక. చవగ్గా వస్తే మనం వదలం కదా! పైగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ దాటడానికి డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు. అన్నీ కుదిరాయనుకునేసరికి లండన్ చుట్టూ తిరిగే ఎం25 పక్కన పసుపు బోర్డు: ఈ రాత్రి మూత.

మా బావమరిదికి ఇవేం పట్టవు. ‘‘ఫోను చెప్తుందిలే బావా’’ అంటాడు. రాత్రి పదింటికి మూయబోయే రోడ్డు గురించి మధ్యాహ్నమే చెప్పమంటే ఫోనేం చెప్తుంది? 2024 మార్చిలో ఎం25ని 10, 11 జంక్షన్ల మధ్య వారాంతమంతా మూస్తామన్నారు. 1986లో ఆ రింగు రోడ్డు పూర్తయ్యాక, ముందే అనుకుని పగలు కూడా అలా మూయడం అదే మొదలు. అప్పుడు మాత్రం ‘‘ఎటు వెళ్దాం బావా’’ అని నన్నే అడిగాడు.

అసలు నా పేచీ ఎం20తో. లండన్ దాటాక అందరూ దాన్నే పట్టుకుంటారు. డోవర్‌లో గాలివాన వచ్చినా, కాలేలో సమ్మె జరిగినా, సెలవుల రద్దీ పెరిగినా మెయిడ్‌స్టోన్, యాష్‌ఫర్డ్‌ల మధ్య ‘ఆపరేషన్ బ్రాక్’ మొదలు. సముద్రం వైపు వెళ్లే రోడ్డులో లారీల్ని వరసగా నిలబెట్టి, కార్లని ఎదురు రోడ్డులోకి తోలతారు. ఫ్రెంచి పోలీసులు పాస్‌పోర్టులు చూసేది కాలేలో కాదు, డోవర్‌లోనే. అక్కడ ఆలస్యమైతే వరస ఊళ్లోకి వచ్చేస్తుంది.

నా ఓటు ఎం2కే. ఫేవర్‌షామ్ దగ్గర అది అయిపోయాక ఏ2 ఎక్కి కాంటర్‌బరీ పక్కనుంచి వెళ్లాలి. డోవర్ దగ్గర ఒక్క వరసే ఉంటుంది, నిజమే. కానీ చివర్లో జూబిలీ వే ఉందే, సున్నపు కొండల పైనుంచి వంపు తిరుగుతూ సరాసరి రేవు గేటు ముందే దింపుతుంది. ఎం20 వాళ్లు ఊరంతా ఈదుకుంటూ రావాలి. ఇది చెప్తే బావమరిది ఆవలిస్తాడు.

రేవుకెళ్లడానికి ఇంత పంచాంగం ఎందుకని నాన్నగారికి వింత. నరసాపురంలో ఆయన పద్ధతి తేలిక: గోదావరి దాటించే పంటు ఇవతలుంటే ఎక్కడం, సఖినేటిపల్లి ఒడ్డునుంటే టీ తాగడం. చించినాడ వంతెన వచ్చాక కూడా చుట్టుదారంటూ అటు వెళ్లేవారు కాదు. అంతర్వేది తీర్థం రోజుల్లో మాత్రం పంటు మీద పోట్లాటే, ముందు కార్లు ఎక్కించాలా, మోటార్‌సైకిళ్లు ఎక్కించాలా అని. నాన్నగారు గట్టిగా మోటార్‌సైకిళ్ల పక్షం, పేదవాడి బండి ముందు వెళ్లాలని ఉపన్యాసమే ఇచ్చేవారు. కారు కొన్నాక ఆ ఉపన్యాసం మేమెవ్వరం మళ్లీ వినలేదు.