కరిగించే మందు ధర

పెదవుల్లో ఫిల్లర్ కరిగించుకోవడానికి వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఖర్చెంతని. మందు చవకే. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్లను కరిగించే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ 1500 యూనిట్ల వయల్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కంటి ఆపరేషన్లలో మత్తుమందు త్వరగా పాకడానికి ఏనాటి నుంచో వాడుతున్నదే. మిల్లీలీటరుకు వేలకు వేలు పోసి పెదవులు నింపించుకున్నవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. అయితే బిల్లు మందుతో ఆగదు. సరుకు ఎక్కడెక్కడ ఉందో వేలితో తడిమి, అవసరమైతే అల్ట్రాసౌండ్‌లో చూసి, కొద్దికొద్దిగా ఇవ్వాలి. ఒక్కోసారి రెండుమూడు సిట్టింగులు పడతాయి. ఏ కంపెనీది ఎక్కించారో తెలిపే చీటీ చాలామంది దగ్గర ఉండదు. అది సిలికాన్ అయితే ఈ మందు ఎందుకూ పనికిరాదు, కోసి తీయాల్సి రావచ్చు. అందుకే కరిగించే ఖర్చును నింపించుకునే రోజునే లెక్కలో వేసుకోవాలంటాను.

'ఏడాదిలో అదే పోతుంది కదా, దీనికి డబ్బు దండగ' అనేవాళ్ళున్నారు. పోతుందన్న ధీమాతోనే మళ్ళీ మళ్ళీ నింపిస్తారు. ఏళ్ళు గడిచాక కూడా ముఖంలో ఫిల్లర్ మిగిలి ఉండటం ఎంఆర్‌ఐలలో కనిపించింది. పాతదాని మీద కొత్తది పడేకొద్దీ అది పెదవి అంచు దాటి పైకి జరుగుతుంది. పక్కనుంచి చూస్తే మూతి మీద చిన్న అరుగు కట్టినట్టుంటుంది. 2025 జులైలో నటి ఉర్ఫీ జావేద్ తన పెదవుల ఫిల్లర్ కరిగించుకుంటున్న వీడియో పెడితే ఆ ఉబ్బిన ముఖం చూసి జనం జడుసుకున్నారు. కరిగించినప్పటి వాపు కొద్ది రోజుల్లో దిగేదే. ఫిల్లర్ ఉండాల్సిన చోట లేదని ఆమె చెప్పిన మాట మాత్రం ఎవరికీ పట్టలేదు. మన ఒంట్లో సహజంగా ఉన్న హయలురోనిక్ యాసిడ్‌నీ ఈ మందు కరిగిస్తుందన్న భయంలో కొంత నిజముంది, కానీ శరీరం దాన్ని ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటూనే ఉంటుంది. అంతకన్నా అలర్జీతో జాగ్రత్త. తేనెటీగ, కందిరీగ విషంలోనూ ఈ ఎంజైమ్ ఉంటుంది కాబట్టి, అవి కుట్టి ఎప్పుడైనా ఊపిరాడక ఇబ్బంది పడినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

'ఎలాగూ కరిగించొచ్చు, నింపించుకుంటే ఏం పోయింది?' అనే వాదన నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే పెదవి తెల్లబడుతుంది, తరవాత ఊదారంగు వలలాంటి మచ్చలు తేలతాయి. వేలితో నొక్కి వదిలితే రంగు ఆలస్యంగా తిరిగొస్తుంది. అప్పుడు మందు పెద్ద మోతాదులో, కొన్ని గంటల్లోపే పడాలి. తక్కువ రేటుకు నింపే పార్లర్లో ఆ వయల్ లేకపోతే, ఉన్నా ఎంత ఇవ్వాలో తెలిసిన డాక్టర్ లేకపోతే, మర్నాడు ఆసుపత్రికి వచ్చేసరికి చర్మం చచ్చిపోయి ఉండొచ్చు. అప్పుడు కరిగించినా ఆ చర్మం తిరిగి రాదు. పుండు మానేదాకా కట్లు, ఆ తరవాత మచ్చకు వైద్యం.