22 నంబరు వాడి బట్టలకి మట్టి లేదు

ఈసారి మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన, ఫుట్‌బాల్ ఆటగాళ్ళు నిలబడ్డారు. పేరంటానికి వచ్చినవాళ్ళంతా "వీళ్ళెవరండీ ఇక్కడ!" అని ఒకటే నవ్వు. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

మేముండేది టెక్సాస్‌లో. ఇక్కడ ఆగస్టు చివర నుంచి నవంబరు దాకా శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాలే. మన దగ్గర ఆడే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లూ భుజాలకి ప్యాడ్లూ పెట్టుకుని ఆడేది. ఒక జట్టు తరఫున మైదానంలో ఉండేది 11 మందే. మిగతా అందరూ గీత బయట నిలబడాల్సిందే. మా చిన్నాడు ఆ మిగతావాళ్ళలో ఒకడు. సీజనంతా కలిపినా వాడు ఆడింది 4 నిమిషాలు ఉండదు.

శుక్రవారం ఉతికిన జెర్సీ వేసుకెళ్ళి, అంత శుభ్రంగానూ తిరిగి తెచ్చేవాడు. దాన్ని మెషీన్లో వేస్తున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది. తెలిసినావిడ ఒకరు "గడ్డి మరకలు ఎలా వదిలిస్తున్నారండీ?" అని అడిగితే ఏం చెప్పను? ఏదో చెప్పి తప్పించుకున్నాను.

కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మైనా పెట్టాలనేది మా అమ్మ. డిసెంబరు సెలవుల్లో ఆ వంకతో రంగులు వేయని 2 అంగుళాల ఆటగాళ్ళని ఒక డజను తెప్పించాను. ఆట కాదు, గీత పక్క దృశ్యం పెడదామని. కోచ్, బెంచీ, నారింజరంగు నీళ్ళ డబ్బా, 10 గజాల గొలుసు కర్రలు పట్టుకుని నిలబడేవాళ్ళు, అన్నీ.

మొదటి బొమ్మకి చిన్నప్పుడు అమ్మతో కలిసి పాత బొమ్మలకి వేసినట్టే దట్టంగా వేశాను. కళ్ళు తెల్లగా పెట్టి మధ్యలో నల్లచుక్క పెట్టేసరికి వాడు దెయ్యాన్ని చూసి హడలిపోయినట్టున్నాడు. కొండపల్లి బొమ్మకి ఆ నిండురంగే అందం, వీళ్ళకి నప్పదు. తర్వాత మెల్లిగా పట్టు దొరికింది. ముందు సబ్బునీళ్ళతో కడగాలి, బూడిదరంగు ప్రైమర్ వేయాలి. రంగుని నీళ్ళతో పల్చన చేసి రెండు మూడు పూతలు వేయాలి, ఒకటి ఆరాకే ఇంకొకటి. తెల్ల ప్యాంటుకి నేరుగా తెలుపు వేయకూడదు. లేత బూడిదరంగు వేసి, మడతలు ఉబ్బిన చోట మాత్రమే తెలుపు అద్దాలి. కళ్ళంటే ఒక సన్నటి ముదురు గీత, అంతే. కింద చెంపల మీద నల్లపట్టీ, లైట్ల వెలుగు కళ్ళలో కొట్టకుండా వీళ్ళు పూసుకునేది. హెల్మెట్‌కి మెరుపు వార్నిష్, బట్టలకి మెరవనిది.

చివరగా మట్టి. స్పాంజి ముక్కని గోధుమరంగులో, కాస్త ఆకుపచ్చలో ముంచి, కాగితం మీద ఒత్తేసి, మోకాళ్ళ మీద అద్దాను. అందరికీ అద్దాను, 22 నంబరు వాడితో సహా.

రాత్రి మావాడు వచ్చి భూతద్దం తీసుకుని చూశాడు.

"అమ్మా, 22 నేనేనా?"

"నువ్వే నాన్నా."

"మరి నా మోకాళ్ళకి మట్టేంటి? నేను ఆడలేదుగా."

"ఉండనీరా, బావుంటుందని..."

"వద్దమ్మా, తీసెయ్. చూసినవాళ్ళు నవ్వుతారు."

నాకు గొంతు పట్టేసింది. వాడు మాత్రం కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "నేను అక్కడ కూర్చోను, ఇక్కడ నిలబడతాను. చేతిలో నీళ్ళ సీసా ఉండాలి. మావాడు బయటికి రాగానే ఇవ్వాలిగా. కోచ్‌కి అంత దగ్గరగా ఎవరూ నిలబడరు, అరుస్తాడు," అంటూ బొమ్మలన్నీ సర్దాడు. తర్వాత మామూలుగానే చెప్పాడు: "వారమంతా ప్రాక్టీసులో అవతలి జట్టులా ఆడేది మేమే అమ్మా. వాళ్ళెలా ఆడతారో మేం ఆడి చూపిస్తేనే మావాళ్ళకి తెలిసేది. దెబ్బలన్నీ అప్పుడే."

ప్రాక్టీసు బట్టలు స్కూల్లోనే ఉతుకుతారు. ఆ మరకలు నా కంట ఎప్పుడూ పడలేదు. నాలుగు నెలలూ గ్యాలరీలో కూర్చుని నేను నిమిషాలే లెక్కపెట్టాను. వాడు ఆ గీత పక్కన ఏం చేస్తున్నాడో ఒక్కసారైనా అడగలేదు.

ఆ మోకాళ్ళకి మళ్ళీ బూడిదరంగు, దాని మీద తెలుపు వేశాను. అగ్గిపుల్ల ముక్కతో సీసా చేసి చేతికి అంటించాను. ఒక పూట పట్టింది.

పేరంటంలో ఓ చిన్నపాప మెట్టు దగ్గర కూర్చుని చూసి చూసి, "ఆంటీ, ఈ అన్న బట్టలకి మాత్రం మట్టి లేదేం?" అంది. నేను నోరు తెరిచేలోపే మావాడు లోపల్నుంచి వచ్చి దాని చేతిలో పప్పుండ పెట్టాడు.

"నా మట్టంతా సోమవారం నుంచి గురువారం దాకానే," అన్నాడు.