తొమ్మిదిన్నర లక్షల స్థలం చివరి పేజీకి ఎందుకు పోయింది

ఇళ్లు, స్థలాల అమ్మకం ప్రకటనలు పెట్టే ఒక వెబ్‌సైట్‌లో ధరలను వరుసలో పెట్టే భాగం నేను రాశాను. ‘తక్కువ నుంచి ఎక్కువకు’ అని నొక్కితే తక్కువ ధరవి ముందు రావాలి, అంతే. అందులో నేను చేసిన తప్పు చాలాకాలం ఎవరి కంటా పడలేదు. పడ్డాక, దానివల్ల నష్టపోయింది ఎవరో తెలిసి మనసు కలుక్కుమంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఊరి చివర చిన్న స్థలం అమ్మకానికి పెట్టిన ఒకావిడ ఫోన్ చేశారు. ‘‘బాబూ, మాది తొమ్మిదిన్నర లక్షలే. తక్కువ ధరవి ముందొస్తాయన్నారు గదా, మాది ఎక్కడా కనబడదేం?’’ అని అడిగారు. వెతికితే అది చిట్టచివరి పేజీలో ఉంది. మొదటి పేజీలో అన్నిటికన్నా పైన కోటీ ఇరవై లక్షల ఇల్లు ఉంది.

కారణం తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ధరను డేటాబేస్‌లో సంఖ్యగా కాకుండా అక్షరాలుగా దాచాను. ప్రకటన ఇచ్చేవాళ్లు ‘9,50,000’ అని కామాలతో రాసింది రాసినట్టే తెరమీద చూపించడం తేలికని అలా చేశాను. వర్డ్‌ప్రెస్‌తో సైట్లు కట్టేవాళ్లు కూడా తెలియకుండానే ఇందులో పడతారు. అక్కడ పోస్టుల అదనపు వివరాలను దాచే కాలమ్ అక్షరాల రకానిదే. అందులో సంఖ్య వేసినా అక్షరాలుగానే ఉంటుంది. సంఖ్యగా చూసి వరుసలో పెట్టమని మనం విడిగా చెప్పాలి.

అక్షరాలను కంప్యూటరు నిఘంటువులో మాటలు పేర్చినట్టు పేరుస్తుంది. ఎడమ నుంచి ఒక్కొక్క గుర్తునే పోల్చి, తేడా వచ్చిన చోట తీర్పు చెప్పేస్తుంది. వెనక ఎన్ని అంకెలున్నాయో చూడదు. 4 కన్నా 9 పెద్దది కాబట్టి ‘45,00,000’ ముందు, ‘9,50,000’ వెనక వచ్చాయి. కామాకూ ఇందులో పాత్ర ఉంది. ఆస్కీ పట్టికలో కామా సంఖ్య 44, సున్నా సంఖ్య 48. ఏ అంకె కన్నా కామా ముందే వస్తుంది గనక ‘1,20,00,000’ వెళ్లి ‘12,50,000’ ముందు నిలబడింది. జావాస్క్రిప్ట్‌లోనూ ఎలా పోల్చాలో చెప్పకుండా సార్ట్ పిలిస్తే, అసలు సిసలు సంఖ్యలను కూడా అక్షరాలుగా మార్చే పోలుస్తుంది. 9, 10, 100 ఇస్తే 10, 100, 9 అని తిరిగి ఇస్తుంది.

మరి పరీక్షించినప్పుడు ఎందుకు దొరకలేదు? నేను పెట్టిన నమూనా ధరలన్నీ పది లక్షలకూ తొంభై తొమ్మిది లక్షలకూ మధ్యవి. అన్నిటి పొడవూ ఒకటే. పొడవు ఒకటైతే అక్షరాల వరుసా సంఖ్యల వరుసా ఒకేలా ఉంటాయి. నాకు తెలిసిన అపార్ట్‌మెంట్ల ధరలే ఊహించుకుని, అంతకు తక్కువకు అమ్మేవాళ్లు ఉంటారన్న ఆలోచనే చేయలేదు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. కంగారులో ఒక చిట్కా వాడాను. మైఎస్‌క్యూఎల్‌లో అక్షరాల కాలమ్‌కు సున్నా కలిపితే దాన్ని సంఖ్యగా తీసుకుంటుంది. వెంటనే తొమ్మిదిన్నర లక్షల స్థలం పైకి వచ్చింది. బాగుపడిందని ఆవిడకు చెప్పేశాను. కానీ ఆ పద్ధతిలో చదవడం మొదటి కామా దగ్గరే ఆగిపోతుంది. ‘9,50,000’ 9 అయింది. ‘45,00,000’ 45 అయింది. లక్షల్లో ఉన్నవి కుదిరినట్టే కనబడ్డాయి. ‘1,20,00,000’ మాత్రం 1 అయి మళ్లీ అన్నిటికన్నా చవకదిగా పైనే ఉండిపోయింది. ‘12,50,000’, ‘12,90,000’ రెండూ 12 కావడంతో వాటిలో ఏది ముందో చెప్పే ఆధారమే పోయింది. డేటాబేస్ హెచ్చరిక ఇచ్చింది గానీ పని ఆపలేదు. నేను ఆ హెచ్చరిక చూడలేదు.

ఆ సంగతి తెలిశాక కంగారు మాని మొదటి నుంచి చేశాను. ధరకు పూర్తి రూపాయల్లో ఒక సంఖ్యా కాలమ్ పెట్టాను. పైసల్లో దాచాలని మొదట అనుకున్నాను. మామూలు 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ 2,14,74,83,647. పైసల్లో లెక్కిస్తే అది రెండు కోట్ల పద్నాలుగు లక్షల రూపాయల చిల్లరకే నిండిపోతుంది. ఇళ్ల ధరలకు అది చాలదు. అందుకే రూపాయల్లోనే, బిగ్‌ఇంట్ రకంలో దాచాను. లక్షలు, కోట్ల కామాలు తెరమీద చూపించేటప్పుడే పడతాయి. డేటాబేస్‌లో కామా ఉండదు.

పాత ప్రకటనల్లోని ధరలను మార్చడమే అసలు కష్టం. కామాలు, రూపాయి గుర్తు, చివరి ‘/-’ తీసేయడం తేలికే. కానీ ఒకరు ‘45 లక్షలు’ అని, ఇంకొకరు ‘1.2 కోట్లు’ అని, మరొకరు ఒట్టి ‘65’ అని రాశారు. కొందరు గజం ధర రాశారు. ‘గజం 18,000’ అన్న రెండొందల గజాల స్థలం అసలు ధర 36 లక్షలు. సెంట్లలో చెప్పినవాళ్లకు సెంటుకు 48.4 గజాలు, గుంటల్లో చెప్పినవాళ్లకు గుంటకు 121 గజాలు, ఎకరాల్లో చెప్పినవాళ్లకు ఎకరానికి 4,840 గజాలు వేసి లెక్క కట్టాను. ‘65’ లాంటి వాటిని మాత్రం ఊహించలేదు, ఫోన్ చేసి అడిగాను. ఒకరి ఆస్తి ధరను మనం ఊహించి రాయకూడదు.

‘ధర ఫోన్‌లో’ అన్నవాటికి సున్నా పెట్టకూడదు, పెడితే ఉచితంగా ఇస్తున్నట్టు అన్నిటికన్నా పైకి వస్తాయి. ఖాళీగా వదిలినా మైఎస్‌క్యూఎల్ ఆరోహణ క్రమంలో ఖాళీలనే ముందు పెడుతుంది. పోస్ట్‌గ్రెస్ చివర పెడుతుంది. కాబట్టి ధర లేనివి చివర రావాలని నేనే స్పష్టంగా రాశాను. ఒకే ధర ఉన్నవాటిని ప్రకటన సంఖ్య ప్రకారం పేర్చాను. అలా చేయకపోతే పేజీ మారినప్పుడు ఒక ప్రకటన రెండుసార్లు కనబడి, మరొకటి అసలు కనబడకుండా పోవచ్చు.

ఇప్పుడు నా నమూనా ధరల్లో తొమ్మిది లక్షలు, పది లక్షలు, తొంభై తొమ్మిది లక్షలు, కోటి, ధర లేనిది, ఒకే ధర ఉన్న రెండు తప్పకుండా ఉంటాయి. అంకెల సంఖ్య మారేచోటే ఈ తప్పు బయటపడుతుంది.

పది లక్షలతో స్థలం వెతుక్కునే మనిషికి ఆ వరుసే దిక్కు. డబ్బున్నవాడు నాలుగు పేజీలు తిరగేసి, ఏజెంటును పెట్టుకుని వెతికించుకోగలడు. పది లక్షలే ఉన్న మనిషి మాత్రం మొదటి పేజీ చూసి, తన స్తోమతకు ఏమీ లేదనుకుని వెళ్లిపోతాడు. అమ్మేవాళ్లకు ఫోన్లు రావు, కొనేవాళ్లకు స్థలం దొరకదు, ఎందుకో ఇద్దరికీ తెలియదు. ధరల వరుస రాసే ప్రతి ఒక్కరూ పని ముగించేముందు తమ సైట్‌లోని అతి తక్కువ ధర ప్రకటనను తీసుకుని, అది ఎక్కడ వచ్చిందో కళ్లతో చూసుకోవాలి. నేను మొదట చేయవలసింది ఆ పనే.