మళ్ళీ వచ్చిన కోచ్

మొన్న దేవరకొండ వెళ్ళినప్పుడు నాన్నతో మాటల్లో టామ్ మూడీ సంగతి వచ్చింది.

2013 నుంచి 2019 దాకా మన సన్‌రైజర్స్ కోచ్ ఆయనే. ఏడు సీజన్లలో ఐదుసార్లు ప్లేఆఫ్స్, 2016లో కప్పు. అయినా మార్చేశారు. 2021లో టీమ్ అట్టడుగుకు పోయింది, 14 మ్యాచుల్లో మూడే గెలుపులు. దాంతో 2022కి మళ్ళీ మూడీనే హెడ్ కోచ్‌గా తెచ్చారు. ఇంక కప్పు మనదేనని ఆఫీసులో పందెం కూడా కాశాను. వరుసగా ఐదు గెలిచాం, వెంటనే వరుసగా ఐదు ఓడాం. చివరికి ఎనిమిదో స్థానం. అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే.

నాన్న అంతా విని, "బాయిల నీళ్లు లేకుంటె ఎంత మంచి రైతైనా ఏం జేస్తడు బిడ్డా?" అన్నాడు.

నిజమే కదా! అప్పటికి వార్నర్ లేడు, రషీద్ ఖాన్ లేడు. రషీద్ గుజరాత్‌కి వెళ్ళి అదే ఏడు కప్పు ఎత్తాడు. మనం పాత కోచ్‌ని తెచ్చుకున్నాం గానీ పాత టీమ్‌ని కాదు. ఫుట్‌బాల్‌లో మౌరిన్యోకీ ఇదే జరిగింది. 2013లో చెల్సీకి తిరిగొచ్చి, 2015లో లీగ్ గెలిపించి, అదే డిసెంబర్లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

బస్సులో తిరిగొస్తుంటే మా పాత మేనేజర్ గుర్తొచ్చారు. ఆయనా మా ప్రాజెక్టుకి రెండోసారి వచ్చారు. పాతవాళ్ళు సగం మంది లేరు, రిలీజ్ డేట్ మాత్రం మారలేదు. ఆలస్యమైంది. ఫీడ్‌బ్యాక్ ఫారంలో "మునుపటి పస లేదు" అని రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కొన్నాళ్ళకి ఆయన వెళ్ళిపోయారు.

నిన్న ఫోన్ చేశాను. సారీ చెప్పడానికి నోరు రాలేదు. "ఎట్లున్నారు సార్?" అని మాత్రం అడిగాను. అరగంట మాట్లాడారు, ఆ ప్రాజెక్టు ఊసే ఎత్తలేదు.