పేరు మారిన వ్యాధి

కడుపునొప్పి యనఁగానే మన యిండ్లలో మొదట వినఁబడునది అజీర్ణమను మాట; రెండవది దృష్టిదోషము. వాము నమలించి, ఉప్పు దిగఁదుడిచిన పిమ్మటఁ గాని వైద్యుఁడు జ్ఞప్తికి రాఁడు. నొప్పి ఇల్లాలిదైనచో వంట ముగియువఱకు ఆమె నోరే విప్పదు.

అయితే దోషము జీర్ణకోశమునఁ గాక, దానికి నెత్తురు గొనిపోవు ధమనులలో నుండవచ్చును. ధమని గోడ మూడు పొరలది. నడిమి పొరలోని కండరకణములు అక్కడక్కడ శిథిలమై కరఁగిపోవు వ్యాధి యొకటి కలదు, మిక్కిలి యరుదు. బలము తప్పిన గోడ బుడగగా నుబ్బి చిట్లును. నెత్తురంతయుఁ గడుపులోనే యుండును. వెలుపల నొక్కచుక్క కానరాదు. రోగి పాలిపోయి, చెమటపట్టి, సొమ్మసిల్లును.

1976లో దీనిని మొదట వర్ణించిన స్లావిన్, గొంజాలెజ్-విటాలే అను వైద్యులు పేరులో ‘ఆర్టరైటిస్’ అను మాట నుంచిరి. అందలి ప్రత్యయము తాపమును, అనఁగా నెఱ్ఱఁబాఱి వాచుటను, దెలుపును. ఇచ్చట మూలము తాపము కాదు. కావున 1995లో ‘సెగ్మెంటల్ ఆర్టీరియల్ మీడియోలిసిస్’ అని మార్చిరి. ‘లిసిస్’ అనఁగా కరఁగుట. వ్యాకరణము చెప్పుకొని బ్రదుకు మాకు ప్రత్యయములపై మమకార మెక్కువ యనుకొందురేమో! ఈ ప్రత్యయముపైఁ బ్రాణమే యాధారపడియున్నది. తాపవ్యాధి యని భ్రమించినచో స్టెరాయిడ్లు మొదలగునవి యిత్తురు. అవి దీనికి మేలు చేయవు సరికదా, కీడు చేయవచ్చును. సి.టి. యాంజియోగ్రాఫీతో చిట్లినచోటు కనిపెట్టి, తొడలోని ధమని గుండ సన్నని గొట్టము పంపి, తీఁగచుట్టలతో దానిని మూయుదురు. అది కుదురనిచో శస్త్రచికిత్స.

బ్రదికి యిల్లు చేరిన పిదపఁ గొన్ని బుడగలు తామే యణఁగవచ్చును, కొన్ని క్రొత్తగా లేవవచ్చును. అందుచే మరల మరల చిత్రములు తీయింపవలెను. “నొప్పి లేదుగదా, పట్టణమునకు బండి ఖర్చెందుకు?” అను పెద్దలు ప్రతి యింటను గలరు; ముఖ్యముగా వారికొఱకే మే మీ నాలుగు మాటలు వ్రాసితిమి.