విప్పని కట్టలు

హనుమకొండ

సుధా,

నీ ఉత్తరం అందింది. పిల్లల చదువులు, అక్కడి చలి, మీ ఆయన కొత్త ఉద్యోగం అన్నీ రాసి, చివర్లో రెండు ప్రశ్నలు కాస్త కోపంగానే అడిగావు. ఇంకా ఈ దెయ్యాల కథలేంటని ఒకటి. రాస్తే రాశావు, పేరున్న ప్రచురణకర్త చేతిలో పెట్టక సొంత డబ్బు పోసి అచ్చేయించుకోవడం దేనికని రెండోది. రెండింటికీ నా దగ్గరున్న జవాబు ఒకటే. అది చెప్పాలంటే మీ ఎడిసన్ ఊరికి దగ్గర్లోనే, న్యూయార్కులో, డెబ్బై ఏళ్ళ కింద జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మ్యాక్స్ గెయిన్స్ అనే ఆయన బైబిలు కథల్ని బొమ్మల పుస్తకాలుగా వేసేవాడు. సంస్థ పేరు ఎడ్యుకేషనల్ కామిక్స్. 1947లో పడవ ప్రమాదంలో పోయాడు. కెమిస్ట్రీ టీచరు అవుదామని చదువుకుంటున్న పాతికేళ్ళ కొడుకు విలియం నెత్తిన అప్పులతో సహా ఆ వ్యాపారం పడింది. 1950లో అతను ఆల్ ఫెల్డ్‌స్టీన్ అనే రచయితతో కలిసి రూటు మార్చాడు. టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్, ది వాల్ట్ ఆఫ్ హారర్, ది హాంట్ ఆఫ్ ఫియర్ అని మూడు భయానక కథల పుస్తకాలు మొదలుపెట్టాడు. పది సెంట్లకు ఒకటి. మోసం చేసి చంపినవాణ్ణి వెతుక్కుంటూ కుళ్ళిన శవం నడిచొచ్చే కథలు ఎక్కువ. రక్తం ధారాళంగానే ఉండేది. అన్నీ గొప్పవని నేననను. వాటిని చూసి బజార్లోకి దిగిన ఇతర కంపెనీల పుస్తకాల్లో అయితే చాలావరకు చెత్తే.

కానీ అదే సంస్థ షాక్ సస్పెన్‌స్టోరీస్ అని ఇంకోటి వేసింది. అందులో దెయ్యాలు తక్కువ, మనుషులెక్కువ. 1952లో వచ్చిన ఒక కథలో సైనికుల ఊరేగింపు వెళ్తుంటుంది. జెండా ఎదురుగా వస్తే ఒకతను గౌరవం చూపించలేదని గుంపు మీదపడి కొట్టి చంపేస్తుంది. భార్య పరుగెత్తుకొచ్చాక గానీ తెలియదు, అతను యుద్ధంలో కళ్ళు పోగొట్టుకుని వచ్చిన సైనికుడని. ఇంకో కథలో కూతురు మెక్సికన్ కుర్రాణ్ణి ప్రేమించిందని తండ్రి ముసుగులేసుకున్న గుంపును వెంటేసుకుని చీకట్లో ఆ కుర్రాడనుకుని కొరడాలతో కొట్టిస్తాడు. దెబ్బలకు చచ్చింది అతని కూతురే. కమ్యూనిస్టు అన్న అనుమానం చాలు ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులవి. పెద్ద పత్రికలు ఆచితూచి మాట్లాడుతున్న ఆ కాలంలో, గుంపు మనిషిని ఎలా చంపుతుందో పది సెంట్ల పుస్తకంలో అచ్చయింది. భయానక కథ మీద నాకున్న నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. మర్యాద తెలిసిన సాహిత్యం గుమ్మం బయట ఆగిపోయే చోటికి ఇది లోపలికెళ్తుంది. దీని మీద ఎవరికీ గౌరవం లేదు కాబట్టి, పోగొట్టుకునేదీ ఏమీ లేదు.

ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మనస్తత్వ వైద్యుడు ఈ బొమ్మల పుస్తకాల వల్లే పిల్లలు నేరస్తులవుతున్నారని 1954లో పెద్ద పుస్తకం రాశాడు. అంతకు ముందే, 1948 నుంచీ, కొన్ని ఊళ్ళలో బడిపిల్లల చేత వీటిని కుప్పపోయించి తగలబెట్టించారు. బాలనేరాల మీద సెనేట్ ఉపసంఘం వేశారు. 1954 ఏప్రిల్ 21న న్యూయార్కులో విచారణ. కామిక్స్ వాళ్ళ ముందు హిట్లర్ కూడా కొత్తగా నేర్చుకుంటున్నవాడేనన్నట్టు మాట్లాడాడు వెర్థమ్. ఆ తర్వాత విలియం గెయిన్స్. ఎవరూ రమ్మనలేదు, తనంతట తానే వచ్చాడు. సెనేటర్ కెఫావర్ ఒక అట్ట పైకెత్తి చూపించాడు. ఒక చేత్తో గొడ్డలి, ఇంకో చేత్తో జుట్టు పట్టుకున్న ఆడమనిషి తల. ఇది అభిరుచి ఉన్న పనేనా అనడిగితే, భయానక పుస్తకం అట్టకు ఉన్న అభిరుచేనన్నాడు గెయిన్స్. తల ఇంకాస్త పైకెత్తి మెడ నుంచి కారే రక్తం చూపిస్తే తప్పయ్యేది అన్నాడు. మర్నాటి పేపర్లకు అది చాలు. కొరడా కథ గురించి అతను విచారణలో గట్టిగానే చెప్పుకొచ్చాడు. జనానికి మిగిలింది తల మాత్రమే.

ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చదువు సుధా, నా జవాబంతా ఇక్కడే ఉంది. ఫెడరల్ ప్రభుత్వం ఏ చట్టమూ చెయ్యలేదు. ఏ కోర్టూ నిషేధించలేదు. ప్రచురణకర్తలే ఒక సంఘం పెట్టుకుని, చార్లెస్ మర్ఫీ అనే మేజిస్ట్రేటును తెచ్చి కూర్చోబెట్టి, అక్టోబరులో ఒక నియమావళి ప్రకటించారు. పాస్ అయిన పుస్తకం అట్ట మీద చిన్న ముద్ర పడుతుంది. పేర్లలో హారర్, టెర్రర్ అనే మాటలు ఉండకూడదు. నడిచే శవాలు, రక్తపిశాచాలు ఉండకూడదు. సరే, పిల్లల కోసమని అనుకుందాం. అదే కాగితం మీద ఇంకో నియమం కూడా ఉంది: పోలీసుల్ని, న్యాయమూర్తుల్ని, ప్రభుత్వాధికారుల్ని, గౌరవనీయ సంస్థల్ని అధికారం మీద అగౌరవం కలిగేలా ఎప్పుడూ చూపించకూడదు. నడిచే శవానికీ పోలీసు మర్యాదకూ ఏమిటి సంబంధం? పిల్లల నిద్ర పేరు చెప్పి పెద్దల పరువుకు కాపలా పెట్టుకున్నారు.

ముద్ర వేయించుకోవాలని ఎవరూ బలవంతం చెయ్యలేదు. కాకపోతే ముద్ర లేని పుస్తకాల్ని హోల్‌సేల్ పంపిణీదార్లు కట్ట కూడా విప్పకుండా వెనక్కి పంపేశారు. తాడు ముడి అలాగే ఉంది. లోపల ఏముందో చూసినవాడు లేడు. పాఠకుడికి నచ్చక కాదు, పాఠకుడి దాకా వెళ్ళనే లేదు. కొన్ని నెలల్లో భయానక పుస్తకాలన్నీ మూతపడ్డాయి. రచయిత గొంతు నొక్కాలంటే కలం లాక్కోనక్కర్లేదు, ప్రెస్సుకు తాళం వెయ్యనక్కర్లేదు. అచ్చాఫీసుకూ చదివేవాడి చేతికీ మధ్యనున్న దారిని పట్టుకుంటే చాలు. ఆ దారి ఎవరిదో వాళ్ళదే చివరి మాట.

వెర్థమ్ దుర్మార్గుడని మాత్రం నేననుకోను. నల్లవాళ్ళకు వైద్యం దొరకని రోజుల్లో హార్లెంలో ఒక చర్చి నేలమాళిగలో పాతిక సెంట్లకు క్లినిక్ నడిపినవాడు. నల్లపిల్లలకు పెట్టిన వేరు బడులు వాళ్ళ మనసుల్ని ఎలా చితకగొడతాయో కోర్టులో సాక్ష్యం చెప్పినవాడు. ఆ విచారణ జరిగిన నెలలోపే, మే 17న, సుప్రీంకోర్టు వేరు బడులు చెల్లవని తీర్పిచ్చింది. అందులో ఆయన కష్టం కూడా ఉంది. అంత మంచివాడు ఈ పుస్తకాల దగ్గరికొచ్చేసరికి పిల్లలు చెప్పిన మాటల్ని కలిపేసి, వయసులు మార్చేసి తనకు కావలసినట్టు రాసుకున్నాడని ఆయన కాగితాల్ని చూసిన కెరల్ టిల్లీ అనే పరిశోధకురాలు 2012లో బయటపెట్టింది. మంచివాళ్ళు భయపడినప్పుడు జరిగే నష్టం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. చెడ్డవాణ్ణి ఎదిరించడానికి పదిమంది వస్తారు, మంచివాణ్ణి ఎదిరించడానికి ఎవరొస్తారు?

ఇంకొక్క కథ చెప్పి ఆ ఊరు వదిలేస్తాను. పేరు జడ్జ్‌మెంట్ డే. 1953లో ఫెల్డ్‌స్టీన్ రాస్తే జో ఓర్లాండో బొమ్మలేశాడు. భూమి నుంచి ఒక వ్యోమగామి రోబోలుండే గ్రహానికి తనిఖీకి వెళ్తాడు, వాళ్ళను గెలాక్సీ గణతంత్రంలో చేర్చుకోవచ్చా లేదా చూడ్డానికి. నారింజ రంగు రోబోలు, నీలం రంగు రోబోలు. లోపలి యంత్రం ఒకటే, పైరేకు రంగు మాత్రమే వేరు. నీలం వాళ్ళ వాడ వేరు, బస్సులో చోటు వెనకాల. మీకింకా టైముందని చెప్పి అతను వెళ్ళిపోతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తే అతను నల్లజాతివాడు, ముఖం మీద చెమట చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి. ఈ కథను మళ్ళీ వేద్దామని పంపితే మర్ఫీ అడ్డుపడ్డాడు. ఆ మనిషి నల్లవాడు కాకూడదన్నాడు. నియమావళిలో అలాంటి రూలేమీ లేదు. గెయిన్స్ పత్రికలవాళ్ళను పిలుస్తానని బెదిరించాక, పోనీ చెమట చుక్కలైనా తీసెయ్యమన్నాడట. తియ్యలేదు. చుక్కలతో సహా అచ్చేసి, అదే తన ఆఖరి కామిక్ పుస్తకంగా 1956లో ఆ పని ముగించాడు గెయిన్స్. మిగిలింది వాళ్ళ హాస్య పుస్తకం మ్యాడ్ ఒక్కటే. దాన్ని అప్పటికే పత్రిక సైజుకు మార్చేశాడు, ఆ సైజుకు నియమావళి వర్తించేది కాదు.

ఇప్పుడు మన సంగతి. నా బాణామతి కథ నీకు తెలుసు, ఫోన్లో చదివి వినిపించాను. దాన్ని ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు మర్యాదస్తుడు, కథ బావుందనే అన్నాడు. చేతబడి చేస్తుందని ఊళ్ళో జనం ముసలామెను వేపచెట్టుకు కట్టేసినప్పుడు, టీ తాగుతూ చూసి జీపెక్కి వెళ్ళిపోయిన ఎస్సై పాత్ర తీసేస్తే వచ్చే వారమే వేస్తామన్నాడు. దెయ్యం ఉంటే అభ్యంతరం లేదు. ముసలామె శాపం ఉంటే అభ్యంతరం లేదు. ఎస్సై ఉంటేనే ఇబ్బంది. పత్రిక వెనక ఎవరున్నారో, ఎవరి ప్రకటనల మీద నడుస్తుందో, ఎన్నికలకు ముందు దానికి ఎవరి మీద మమకారమో మనందరికీ తెలిసిన విషయమే. దెయ్యాల కథలో కూడా అదే లెక్క నడుస్తుందని నాకు ఆ రోజు కళ్ళారా కనిపించింది. పేరున్న ప్రచురణకర్తకు ఎందుకివ్వలేదన్నావు కదా. ఆ కథ ముసలామెది ఎంతో ఎస్సైది కూడా అంతే, అందుకని.

నీ మొదటి ప్రశ్నలో ఇంకో ముల్లుంది, నువ్వు పైకి అనకపోయినా. ఆంధ్రభూమి వారపత్రికలో చేతబడి నవల తులసిదళం సీరియల్‌గా వచ్చిన రోజుల్లో ఊరూరా దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. దాని వెనకే పుట్టుకొచ్చిన నవలల్ని క్షుద్ర సాహిత్యమని చాలామంది తిట్టారు. వెర్థమ్ భయానికి ఆధారాలు కల్పించుకోవాల్సి వచ్చింది. వీళ్ళకు ఆ అవసరం లేదు. మన మెదక్‌లో, కరీంనగర్‌లో చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు. నాలుక మంత్రం పలకకుండా ఉంటుందని పళ్ళూడగొట్టారు. పిల్లవాడికి జ్వరమొస్తే, బర్రె పాలివ్వకపోతే, అందుకు ఒక వితంతువు నోరు నెత్తురు చేశారు. అలాంటి చోట చేతబడి నిజమని నమ్మించే నవల రాస్తే, ఆ పళ్ళూడగొట్టే రాయిని మనం అందించినట్టే. నిషేధం కోరను గానీ ఈ మాట దగ్గర నేను విమర్శకుల పక్షమే.

అందుకే నా కథల్లో భయం ఎక్కడ ఉండాలన్నది నేను చాలా ముందే తేల్చుకున్నాను. మంత్రగత్తె అన్న పేరు పడ్డ మనిషి రాత్రి తలుపు గడియ పెట్టుకుని, బయట అడుగుల చప్పుడు వింటూ కూర్చుంటుంది చూడు, ఆ గదిలో ఉండాలి భయం. బయట నడిచేవాళ్ళ వెంట పాఠకుణ్ణి నడిపించకూడదు. చనిపోయాక ఆమె తిరిగొస్తే రానీ, నాకేమీ అభ్యంతరం లేదు. మనకు న్యాయం చెప్పాల్సినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోయిన ఊళ్ళో చచ్చినవాళ్ళే లేచి రావాలేమో.

మరి దారి సంగతి? అమెరికాలో కూడా దారిని తొలిచినవాళ్ళు వచ్చారు. 1964లో జేమ్స్ వారెన్ క్రీపీ అని నలుపు తెలుపు పత్రిక పెట్టి, గెయిన్స్ దగ్గర పనిచేసిన చిత్రకారుల్నే మళ్ళీ చేర్చుకున్నాడు. పత్రిక సైజు కాబట్టి ముద్ర అక్కర్లేదు. 1968లో రాబర్ట్ క్రంబ్ తన జాప్ కామిక్స్ మొదటి సంచికను శాన్‌ఫ్రాన్సిస్కోలో హైట్ వీధిలో పిల్లల బండిలో వేసుకుని, భార్యతో కలిసి తోసుకుంటూ అమ్మాడు. చిన్నప్పుడు మ్యాడ్ చదివి పెరిగినవాడతను. ఆ ముద్ర మాత్రం 2011 దాకా ఎలాగోలా బతికి, వేయించుకునే కంపెనీ ఒక్కటీ మిగలక పోయింది.

మన దగ్గర కథల్ని చదివేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది వారపత్రికలే. 2020 లాక్‌డౌన్‌లో ఆంధ్రభూమి, నవ్య లాంటివి ఆగిపోయాయి, మళ్ళీ రాలేదు. పుస్తకాల షాపుకిస్తే నూటికి నలభై దాకా కమీషన్, మిగతా డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. రచయితే డి.టి.పి. చేయించుకుని, ప్రూఫులు దిద్దుకుని, కట్టలు మోసుకుని తిరగడం మనవాళ్ళకు కొత్త కాదు, దశాబ్దాలుగా అదే చేస్తున్నాం. కొత్తగా వచ్చిందల్లా మూడు వందల కాపీలు కూడా వేసుకోగలిగే ప్రింటింగు, ఫోన్లోనే డబ్బు అందుకుని పోస్టులో పుస్తకం పంపగలగడం. నేను అవే వాడుకుంటున్నాను. నాతోపాటు ఖమ్మం నుంచి ఒకమ్మాయి, నల్గొండ నుంచి ఇంకొకతను కలిశారు. ముగ్గురం కలిసి హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒకే స్టాల్ తీసుకుంటాం. కొన్నవాళ్ళ చిరునామాలు రాసిపెట్టుకుంటాం. ఆ నోటుబుక్కు ఇంకెవరికీ ఇవ్వం, దారి అంటే అదే మాకు. దీంతో డబ్బు రాదని నాకు తెలుసు. చదివేవాడికీ నాకూ మధ్య ఎస్సైని తీసెయ్యమనేవాడు ఉండడు, నాకు కావలసింది అది.

తొమ్మిది కథల ప్రతి మీ అక్క చేతికిచ్చి పంపుతున్నాను, సంక్రాంతికి వచ్చి వెళ్ళేటప్పుడు తెస్తుంది. బాణామతి కథ ఆఖరున పెట్టాను, ఎస్సై ఉన్నాడు. నువ్వు మొహమాటపడే మనిషివి కాదు కాబట్టి అడుగుతున్నా. ఎక్కడైనా భయం కొట్టేవాళ్ళ పక్కకు జారిందనిపిస్తే ఆ పేజీ నంబరు వేసి నాకు రాయి. ఉగాదిలోపు ప్రెస్సుకివ్వాలి.

నీ
కమల